పొంతన కుదిరింది

మా పేట పేరు చెప్పినప్పుడల్లా తెలుగువారు ఒకసారి నవ్వుతారు. తేంగాయితిట్టు! ఎవరో ఎవరినో తిట్టినట్లు వినిపిస్తుంది మన చెవికి. నిజానికి తమిళంలో తేంగాయి అంటే మన టెంకాయే. తిట్టు అంటే నీటి నడుమ మెరకగా లేచిన తిప్ప. పుదుచ్చేరి పట్టణానికి దక్షిణపు అంచున, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్నది మా పేట. చేపల రేవు, పడవలు, మడ చెట్లు, ఉప్పు గాలి - ఇవీ మా ఇరుగుపొరుగులు. యానాంలో పుట్టి, కోరంగి మడ అడవులను చూస్తూ పెరిగిన నాకు ఈ పరిసరాలు ఎన్నడూ పరాయివిగా తోచలేదు. యానాం, పుదుచ్చేరి ఒకే పాలన కింద ఉన్నా, వాటి నడుమ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నది. ప్రభుత్వోద్యోగం ఆ దూరం దాటించి 1981లో నన్నిక్కడికి తీసుకువచ్చింది. 2019లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఇక్కడే ఉండిపోయాను.

2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. నీట మునిగిన కాలనీలలోని వారిని బయటికి తీసుకురావడానికి సైన్యం రావలసి వచ్చింది. మా వీధిలో నీళ్ళు మోకాలి దాకా నిలిచి, రెండు రోజులకు గాని తీయలేదు. మూడవ నాడు ఎవరి గుమ్మం ముందు చూసినా తడిసిన పరుపులు, ఉబ్బిపోయిన చెక్క బీరువాలు, బురద పట్టిన పుస్తకాలు గుట్టలుగా కనిపించాయి.

అటువంటి ఒక గుట్టలో నుంచి పక్కింటి అమ్మాయి ఒక కంప్యూటరు పెట్టెను వెలికి తీసి, సైకిలు వెనుక కట్టుకొని మా ఇంటికి తెచ్చింది. ఆ పిల్ల బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్నది. తల్లి రేవులో చేపలు కొని వీధులలో అమ్ముతుంది. తండ్రి లేడు. వచ్చే ఏప్రిల్‌లో ఆ పిల్ల కంప్యూటరు మీద లెక్కలు వ్రాసే పరీక్ష ఒకటి ఇవ్వవలసి ఉన్నది. అందులో నెగ్గితే ఒక చిన్న ఉద్యోగానికి అవకాశం. కొత్త కంప్యూటరు ముప్పై వేలు దాటుతుంది. అది వారి ఊహకు అందని మాట.

"తాతా, మీరు ఆఫీసులో కంప్యూటర్లు చూసేవారట కదా! ఇది బతుకుతుందా?" అని అడిగింది.

నేను ఆఫీసులో చూసుకున్న మాట నిజమే. 1990లలో మా శాఖకు మొదటి యంత్రాలు వచ్చినప్పుడు వాటి బాధ్యత నాకు అప్పగించారు. కాని, బాధ్యత అంటే తాళంచెవి దగ్గర పెట్టుకోవడం, చెడిపోతే కంపెనీవారికి ఉత్తరం వ్రాయడం. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. "చూద్దాంలే అమ్మా!" అన్నాను గంభీరంగా.

ముందుగా ఆ పెట్టె ఎవరిదో కనుక్కున్నాం. నాలుగిళ్ళ అవతల ఉన్న పెద్దమనిషిది. ఆయన తీసుకుపొమ్మన్నాడు, బల్లమీద ఉన్నందున తడవకుండా మిగిలిన పాత తెరను, కీబోర్డును కూడా ఇచ్చాడు. హార్డు డిస్కు మాత్రం తీసి ఇమ్మని కోరాడు. అందులో ఆయన కుటుంబపు ఫోటోలున్నాయి. పారవేసిన కంప్యూటరును తెచ్చుకునేవారు ముందుగా గుర్తించవలసిన విషయమిది. ఇనుము వదులుకున్నంత మాత్రాన మనిషి తన జ్ఞాపకాలను వదులుకున్నట్లు కాదు. డిస్కు తీసి, తుడిచి ఆయన చేతిలో పెట్టాం.

పెట్టె మూత తీశాం. మదర్‌బోర్డు మీద అంచుల వెంట పచ్చని చిలుము పట్టి ఉన్నది. ఏటి నీరు, సముద్రపు నీరు కలిసిన వరదలో మునిగిన రాగి తీగలకు పట్టే గతి అదే. కంటికి కనిపించనంత సన్నని దారులు ఎన్నో తెగిపోయి ఉంటాయి; వాటిని బాగుచేయడం వృథా. కరెంటు అందించే పెట్టెను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను, నీటిలో మునిగిన తరువాత మళ్ళీ వాడకూడదు. అది ప్రాణానికే ప్రమాదం. ఇక మిగిలినవి ప్రాసెసరు, రెండు ర్యామ్ పలకలు, ఇనుప డొక్కు. మొదటి రెండింటిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి ఆరబెట్టాం. వరద వచ్చినప్పుడు కరెంటు లేదు కనుక అవి బతికే ఉంటాయని ఆశ.

కావలసినది ఒక మదర్‌బోర్డు. సంక్రాంతి దాటిన తరువాత అమ్మాయి తల్లి పందొమ్మిది వందల రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఐసు నీటికి తడిసి మెత్తబడిన నోట్లవి. "అయ్యా, మీకు తెలుసు కదా, మీరే కొనండి" అన్నది.

పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళి, "ఐ3కి బోర్డు కావాలి" అని అడిగాను. దుకాణదారు తీసి ఇచ్చాడు. తెచ్చాను.

ఇక్కడే నా అజ్ఞానం బయటపడింది. ఐ3 అన్నది ఇంటిపేరు వంటిది. 2010లో మొదలైన ఆ వంశంలో ఎన్నో తరాలు ఉన్నాయి. ఏ తరమో తెలియాలంటే దాని వెనుక ఉన్న అంకె చూడాలి. మా ప్రాసెసరు మీద 3220 అని ఉన్నది. ముందున్న 3 మూడవ తరాన్ని సూచిస్తుంది. రెండు, మూడు తరాల వారికి 1155 అనే సాకెట్టు. 2013లో వచ్చిన నాలుగవ తరానికి 1150. ఆ సంఖ్యలు మరేమీ కావు, ప్రాసెసరు అడుగున బోర్డును తాకే చుక్కల లెక్క. చిత్రమేమంటే రెండు రకాల ప్రాసెసర్లదీ ఒకే కొలత - ముప్పై ఏడున్నర మిల్లీమీటర్ల చదరం. పైకి చూస్తే కవల పిల్లలే. అంచున ఉండే రెండు చిన్న నొక్కుల చోటు మాత్రమే వేరు. నేను కొన్నది 1150 బోర్డు.

ప్రాసెసరు సాకెట్టులో సరిగా కూర్చోలేదు. కొత్తది గనుక బిగువుగా ఉన్నదనుకున్నాను. అమ్మాయి, "తాతా, ఈ నొక్కు దీనికి ఎదురుగా రావడం లేదు" అంటూనే ఉన్నది. నేను మీట నొక్కాను. గింజ చిట్లినంత చిన్న చప్పుడయింది. ఎత్తి చూస్తే, వెంట్రుకంత సన్నగా, వరసగా నిలబడి ఉండవలసిన పిన్నులలో ఒక మూల కొన్ని పక్కకు వాలిపోయాయి. సూదితో నిలబెట్టబోతే ఒకటి విరిగి ఊడింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నా కోసమే పుట్టినట్లయింది. పిన్నులు వంగిన బోర్డును ఏ దుకాణదారూ తిరిగి తీసుకోడు. తీసుకోవాలనడం న్యాయం కూడా కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పింఛను డబ్బుతో మరొక బోర్డు కొని తెచ్చి, మాట బయటికి రాకుండా సర్దివేయవచ్చు. అమ్మాయి కూడా ఎవరితోనూ అనదు. నేనంటే దానికి గౌరవం. కాని, ఆ గౌరవమే నన్ను పొడిచింది. తెల్లవారి మా ఆవిడతో చెప్పాను. ఆమె అంతా విని, "పెళ్ళిచూపులకు వెళ్ళినవాడు పిల్ల ఇంటిపేరు మాత్రం అడిగి తాంబూలాలు పుచ్చుకున్నట్లుందండీ మీ వ్యవహారం. పొంతన చూడవద్దూ?" అన్నది. తరువాత నెమ్మదిగా, "వెళ్ళి ఆవిడతో చెప్పండి" అన్నది.

వెళ్ళి చెప్పాను. అమ్మాయి తల్లి ఆ వేళప్పుడే బుట్ట దించుకొని అరుగు మీద కూర్చున్నది. నా మాట పూర్తయ్యేవరకు ఏమీ అనలేదు. తరువాత, "అయ్యా, మేము వల కొనేటప్పుడు కూడా కన్ను కొలత చూసి కొంటాం. ఏ చేపకు ఏ కన్ను అని అడగకుండా ఎవరూ డబ్బివ్వరు. మీరు అడగలేదా?" అన్నది. కోపం లేదు, వెటకారమూ లేదు. నిజంగానే ఆశ్చర్యపడి అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. డబ్బంతా ఇస్తానంటే ఒప్పుకోలేదు. "మా పిల్ల కూడా పక్కనే ఉన్నది కదా, సగం మాది" అన్నది. చాలాసేపు మాట్లాడుకొని చివరికి సగానికి సగం పంచుకున్నాం.

ఆ ఉదయం నుంచి పని పద్ధతి మారింది. అమ్మాయి ఒక నోటుబుక్కు తెచ్చింది. కొనబోయే ముందు అడగవలసిన ప్రశ్నలు అందులో వ్రాశాం. ఇటువంటి పని తలపెట్టిన పాఠకులకు పనికి రావచ్చునని వాటిని ఇక్కడ చెబుతున్నాను.

ఒకటి: ప్రాసెసరు మీద ఉన్న పూర్తి సంఖ్య ఏది, దానికి ఏ సాకెట్టు కావాలి? రెండు: చేతిలో ఉన్న ర్యామ్ ఏ రకం? మాది డీడీఆర్‌3. డీడీఆర్‌4 పలక చూడడానికి అటువంటిదే గాని, దాని గాడి వేరు చోట ఉంటుంది. దానికి కావలసిన విద్యుత్తు కూడా తక్కువ. ఒకదాని చోట మరొకటి ఇమడదు. మూడు: బోర్డు కొలత ఎంత, దాని మరల రంధ్రాలు మన డొక్కులోని మరలకు సరిపోతాయా? 1995లో ఏటీఎక్స్ అనే కొలమానం ఏర్పడిన తరువాత ఈ రంధ్రాల చోట్లు చాలావరకు స్థిరపడ్డాయి. దానిలో చిన్న రకం 24.4 సెంటీమీటర్ల చదరం. మా డొక్కులో అది పడుతుంది. నాలుగు: కరెంటు తీగల కొనలు సరిపోతాయా? బోర్డుకు 24 తీగల కొన ఒకటి, ప్రాసెసరుకు 4 తీగల కొన మరొకటి కావాలి. అయిదు: దుకాణంలోనే వెలిగించి చూపిస్తారా?

మూడు, నాలుగు ప్రశ్నలకు మాకు మంచి సమాధానాలు దొరకడానికి కారణం ఒకటే. మాకు దొరికినది ఎవరో స్థానికంగా విడిభాగాలు కూర్చి తయారు చేసిన యంత్రం. పెద్ద కంపెనీలు తయారుచేసే యంత్రాలలో కొన్నింటికి తీగల కొనలు, మరల చోట్లు వారి సొంత పద్ధతిలో ఉంటాయి. అటువంటి దానికి వారి బోర్డే వెతకాలి. మన దేశంలో వీధి దుకాణాలలో కూర్చిన కంప్యూటర్లను చిన్నచూపు చూసేవారున్నారు; కాని పన్నెండేళ్ళ తరువాత కూడా అవయవం మార్చి బతికించుకోగల వీలు వాటికే ఎక్కువ.

పుదుచ్చేరిలో మాకు కావలసినది దొరకలేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం కాని రోజు చూసుకొని, అమ్మాయి, నేను తూర్పు తీరపు రోడ్డు బస్సులో చెన్నై వెళ్ళాం. నూట యాభై కిలోమీటర్ల ప్రయాణం. హైదరాబాదు వారికి సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, ఢిల్లీ వారికి నెహ్రూ ప్లేస్, బెంగళూరు వారికి ఎస్.పీ. రోడ్డు ఎలాగో, చెన్నై వారికి అన్నా సాలై పక్కనున్న రిచీ వీధి అలాగు. ఇరుకైన సందులలో, మెట్ల కింద, గోడ వారన అన్నీ ఎలక్ట్రానిక్ సరుకుల దుకాణాలే. మూడు చోట్ల అమ్మాయి నోటుబుక్కు తీసి ప్రశ్నలు అడిగింది. నాల్గవ దుకాణంలోని ముసలాయన ఆ పుస్తకం అందుకొని చదివి, నవ్వి, హెచ్61 అనే రకం బోర్డు ఒకటి తెచ్చి, తన దగ్గరున్న ప్రాసెసరు వేసి తెర వెలిగించి చూపించాడు. పదిహేడు వందలు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు ఏడువందల యాభై, హార్డు డిస్కు బదులుగా చిన్న ఎస్‌ఎస్‌డీకి పదిహేను వందలు. మొత్తం మూడు వేల తొమ్మిదివందల యాభై. తల్లి, నేను చెరిసగం పెట్టుకున్నాం. ఉద్యోగం వచ్చాక నా సగం తీర్చివేస్తానని అమ్మాయి షరతు పెట్టింది.

ఇంటికి వచ్చి ఈసారి ఆ పిల్లే అంతా బిగించింది. నొక్కులు ఎదురెదురుగా వచ్చాయి. ప్రాసెసరు పువ్వులా కూర్చున్నది. మీట నొక్కితే ఫ్యాను తిరిగింది. తెర మాత్రం వెలగలేదు.

పది నిమిషాలు చూశాం. ర్యామ్ పలకలు ఒక్కొక్కటే మార్చి చూశాం. చీకటి. వరదలో ప్రాసెసరు చచ్చిపోయి ఉంటుందని నేను తీర్మానించాను. అమ్మాయి ఏమీ అనకుండా బోర్డు మీది సంఖ్యను నోటుబుక్కులో వ్రాసుకొని ఇంటికి పోయింది.

రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ వచ్చింది. ఫోనులో బోర్డు కంపెనీవారి పట్టిక తెరిచి చూపించింది. ఆ బోర్డు ఏయే ప్రాసెసర్లను అంగీకరిస్తుందో అందులో ఉన్నది. మాది కూడా ఉన్నది. కాని, దాని వరుసలో చివరన ఒక అంకె - బయోస్ ఫలానా కూర్పు నుంచి మాత్రమే అని. బయోస్ అంటే బోర్డు కళ్ళు తెరవగానే మొదట చదువుకునే పాఠం. తనతో ఉన్నవారెవరో గుర్తించే జ్ఞానం దానిలోనే ఉంటుంది. హెచ్61 రకం 2011లో, రెండవ తరంతో పాటు వచ్చింది. మా ప్రాసెసరు 2012 నాటి మూడవ తరం. బోర్డు మీది చిప్పుకు అంటించిన చీటీలో పాత కూర్పు సంఖ్యే ఉన్నది. అంటే, చోటు సరిపోయింది, కొలత సరిపోయింది, కరెంటు అందింది. కాని, వచ్చిన మనిషి ఎవరో ఆ ఇంటికి తెలియదు.

నాకు 1981 గుర్తుకు వచ్చింది. యానాం నుంచి నియామకపు ఉత్తరం పట్టుకొని వచ్చి ఆఫీసులో కూర్చున్న మొదటి నెల అది. నా కుర్చీ నాదే, జీతం నాదే, పుస్తకంలో పేరూ ఉన్నది. కాని, తమిళంలో వచ్చిన కాగితం చదవలేక, ఎవరితో ఏమనాలో తెలియక, ఉండీ లేనట్లే ఉండేవాణ్ణి. కారైకాల్ నుంచి వచ్చిన ఒక సీనియరు గుమాస్తా నా పక్కకు తన కుర్చీ జరుపుకొని రోజుకు ఒక కాగితం చదివి వినిపించేవాడు. ఆయన నన్ను వారికి, వారిని నాకు పరిచయం చేశాడు. ఆ తరువాతనే నేను ఆ ఆఫీసులో పనికి వచ్చాను.

మా యంత్రానికి కావలసిన సహాయం కూడా సరిగా అటువంటిదే. బోర్డుకు ముందే తెలిసిన రెండవ తరం ప్రాసెసరు ఒకటి తాత్కాలికంగా పెట్టి, కొత్త బయోస్ ఎక్కించి, ఆ తరువాత మూడవ తరం దాన్ని కూర్చోబెట్టాలి. మరునాడు పట్నంలో రిపేర్లు చేసే ఒక యువకుడి దగ్గరకు వెళ్ళాం. అతడు మా ప్రాసెసరును తన బోర్డులో వేసి చూశాడు, వెలిగింది. తన పాత ప్రాసెసరును మా బోర్డులో వేసి చూశాడు, అదీ వెలిగింది. ఇద్దరూ మంచివారే, పరిచయమే లేదు. బయోస్ మార్చే ఆ నాలుగైదు నిమిషాలలో కరెంటు పోతే బోర్డు శాశ్వతంగా మూగబోవచ్చు. అందుకని అతడు యూపీఎస్ తగిలించి పని మొదలుపెట్టాడు. తెర మీద గీత నెమ్మదిగా సాగుతుంటే అమ్మాయి ఊపిరి బిగబట్టి నిలబడింది. గీత పూర్తయింది. మా ప్రాసెసరును తిరిగి వేసి మీట నొక్కాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

అమ్మాయి అరవలేదు, గంతులు వేయలేదు. నోటుబుక్కు తీసి ఆరవ ప్రశ్న వ్రాసుకున్నది: "బోర్డు వారి పట్టికలో మన ప్రాసెసరు ఉన్నదా? ఏ కూర్పు బయోస్ నుంచి?" ఆ యువకుడు డబ్బు తీసుకోనన్నాడు. మరునాడు అమ్మాయి తల్లి అతడికి వంజరం ముక్కలు పంపించింది.

ఆ యంత్రంలో లినక్స్ ఎక్కించాం. ఆ తరం ప్రాసెసరును విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. విండోస్ 10కి కంపెనీ అందించే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లినక్స్‌కు ఆ బాధ లేదు. లెక్కల పట్టికలు వ్రాయడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి దానిలో కావలసినవన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఏప్రిల్ పరీక్షకు ముందు ఆరు వారాలు మా పక్కింటి కిటికీలో రాత్రి పదకొండు దాకా దీపం వెలిగేది. పరీక్షలో నెగ్గింది. ఇప్పుడు రేవులో పడవల యజమానులకు డీజిలు, ఐసు, కూలి వాటాల లెక్కలు వ్రాసే చోట పని చేస్తున్నది. మొదటి జీతంలో నా సగం తీర్చివేసింది. తీసుకోక తప్పలేదు.

2022లో ప్రపంచం మొత్తం మీద 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయిందనీ, అందులో నాలుగవ వంతు కూడా సక్రమంగా సేకరించి శుద్ధి చేయలేదనీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. ఆ గుట్టలో మా పెట్టె ఎంత! కాని, ఆ లెక్కను చదివినప్పుడల్లా నాకు తోచేది ఒకటే. పారవేసిన వాటిలో చచ్చినవి కొన్ని. తగిన జత దొరకక మూలపడినవి ఇంకెన్నో ఉండవచ్చు. వాటికి డబ్బుకంటే ముందు కావలసినది, మూత తీసి అంకె చదివే ఓపిక. ఆ ఓపిక నాకు లేనందున పందొమ్మిది వందలు నష్టమయ్యాయి. పిన్నులు వంగిన ఆ బోర్డును చెత్త సేకరించే వారికి ఇవ్వకుండా నా బల్లమీదనే ఉంచుకున్నాను.

మొన్న అడ్డవీధి నుంచి ఒకాయన తన కంప్యూటరు చెడిపోయిందని, "సార్, దీనికి ఒక బోర్డు చెప్పండి" అంటూ వచ్చాడు. నేను నోరు తెరవబోతున్నాను. అప్పుడే పని నుంచి వచ్చిన అమ్మాయి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఉండండి తాతా, ముందు మూత తీసి చూద్దాం" అన్నది.

స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చాను.